పుట్టు వెంట్రుకలు పోని కారుతో పట్టిసీమకి

కొత్త కారు కొన్నవాణ్ణి చూడగానే ఎవరైనా 'ఎంతయింది?' అంటారు. లేదంటే 'మైలేజీ ఎంతిస్తుంది?' అంటారు. రాజమండ్రిలో మా మావయ్య మాత్రం చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూనే వీధిలోకొచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, డ్రైవరు వైపు అద్దంలోంచి తొంగిచూసి, 'మీటరు ఎంత తిరిగిందిరా?' అని అడిగాడు.

'రెండొందల పద్నాలుగు.'

'వైజాగు నుంచి ఎలా తోలుకొచ్చావు?'

గొప్పగానే చెప్పాను. అన్నవరంలో ఆగి వాహన పూజ చేయించాను. నిమ్మకాయలు తొక్కించాను. హైవే ఎక్కాక క్రూజ్ కంట్రోలు ఎనభై దగ్గర పెట్టేసి, కాలు తీసి పక్కన పెట్టుకుని, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తీసుకొచ్చాను. ఒక్కసారి కూడా గట్టిగా తొక్కలేదు.

'పూజ బాగానే చేయించావు. తోలడమే తప్పు తోలావు' అన్నాడు మావయ్య.

ఆయన ముప్ఫై ఏళ్ళు రాజమండ్రి స్టేషను ముందు టాక్సీ తోలాడు. అంబాసిడర్లు. చేతుల మీదుగా మూడు కొత్త బళ్ళు అరగదీశాడు. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. కంప్యూటరు బళ్ళంటే పెద్ద గౌరవం లేదు గానీ ఇంజనంటే ఇప్పటికీ చెవి అటే పెడతాడు.

నాది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. 2025 మే నెలలో మన దేశంలోకి వచ్చింది, నేరుగా దిగుమతి. ధర యాభై లక్షలు దాటింది. 'ఈ డబ్బుకి ఫ్లాటొచ్చేది' అని మా ఆవిడ ఇప్పటికి నలభైసార్లు అని ఉంటుంది. చూడటానికి మామూలు చిన్న కారులాగే ఉంటుంది. లోపల మాత్రం రెండు లీటర్ల టర్బో ఇంజను, 265 హార్స్ పవరు. ఆగి ఉన్న చోటి నుంచి వంద స్పీడుకి ఆరు సెకన్ల లోపు వెళ్ళిపోతుంది. ఎప్పుడో కుర్రతనంలో పత్రికల్లో బొమ్మ చూసినప్పటి నుంచి మనసులో ఉన్న కారు. తలుపు తీసి చూపిస్తే మావయ్య సీటు గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. 'ఇంత డబ్బు తీసుకుని గళ్ళ లుంగీ గుడ్డ కుట్టాడేంట్రా?'

1976లో వచ్చిన మొదటి జీటీఐ నుంచీ ఆ గళ్ళ సీట్లే దాని గుర్తు అని చెప్పాను. ఆయనకి ఎక్కలేదు.

కాఫీ తాగుతూ నేను చేసిన తప్పేమిటో చెప్పాడు. కొత్త ఇంజనుని ఒకే స్పీడులో రెండొందల కిలోమీటర్లు లాక్కురావడం దానికి మంచిది కాదట. 'గంటల తరబడి ఒకే రాగం తీస్తే ఎవడి గొంతు మాత్రం విచ్చుకుంటుంది? పైకి పాడాలి, కిందికి దిగాలి. రేపు పొద్దున్న పట్టిసం పోదాం. ఆ రోడ్డు నేర్పుతుంది దీనికి.'

పట్టిసీమని మా వైపు పట్టిసం అనే అంటారు.

ఆ రాత్రి కారు మాన్యువలు ముందేసుకుని కూర్చున్నాను. మావయ్య చెప్పిందీ, జర్మనీ వాడు రాసిందీ దాదాపు ఒకటే. మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఆక్సిలేటరు పూర్తిగా తొక్కకూడదు. ఇంజను తిరగగలిగిన గరిష్ఠ వేగంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. నా కారుకి అది నాలుగు వేల పైచిలుకు ఆర్‌పీఎం. వెయ్యి నుంచి పదిహేను వందల దాకా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇదంతా తెలిసిందే. దాని కింద రాసిన రెండు ముక్కలే నేను పైపైన చదివి వదిలేశాను. కొత్త బ్రేకు ప్యాడ్లు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పూర్తిగా పట్టవు. కొత్త టైర్లకి మొదటి ఆరు వందల కిలోమీటర్లు పూర్తి పట్టు ఉండదు. ఆ రాత్రి కూడా పైపైనే చదివాను. నా ధ్యాసంతా ఇంజను మీదే ఉంది.

ఇంజను సంగతి నిజానికి ఆసక్తిగానే ఉంటుంది. కొత్త సిలిండరు గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం. ఉండదు. కావాలనే దాని మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ సన్నటి గీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. పిస్టను రింగులు పైకీ కిందకీ ఆడుతూ ఆ గీతల మొనల్ని అరగదీసి గోడకి అతికినట్టు కూర్చుంటాయి. రింగు అలా కూర్చోవాలంటే దాని వెనక గ్యాసు ఒత్తిడి ఉండాలి. ఒత్తిడి రావాలంటే ఆక్సిలేటరు కొంతైనా తొక్కాలి. మరీ మెత్తగా తోలితే రింగు కూర్చోదు, గోడ గాజులా మెరుగెక్కిపోతుంది, ఆ తర్వాత బండి ఆయిలు తాగడం మొదలెడుతుంది. మరీ మొరటుగా తొక్కితే, ఇంకా సర్దుకోని లోహాలు వేడెక్కి గీసుకుంటాయి. అందుకని రెండింటికీ మధ్య తోలాలి. కొంచెం తొక్కి, కొంచెం వదిలి, గేర్లు మారుస్తూ, ఎక్కడా ఎక్కువసేపు ఒకే స్పీడులో నిలవకుండా.

ఇప్పటి ఫ్యాక్టరీల్లో యంత్రాల పనితనం బాగా పెరిగింది కాబట్టి ఈ బాధ అక్కర్లేదనేవాళ్ళు ఉన్నారు. మామూలు కార్లకి అది చాలామటుకు నిజం కూడా. కానీ గట్టి కార్లు చేసేవాళ్ళు ఈ మాట వదల్లేదు. బీఎండబ్ల్యూ తన ఎం కార్లకి మొదటి రెండు వేల కిలోమీటర్లూ 5,500 ఆర్‌పీఎం, 170 స్పీడు దాటొద్దంటుంది. రెండు వేలు పూర్తవగానే షెడ్డుకి రప్పించి ఇంజను ఆయిలూ, వెనక డిఫరెన్షియలు ఆయిలూ మార్చి పంపిస్తుంది. ఆ మొదటి ఆయిలులో అరిగిన లోహపు రజను ఉంటుందనేగా! మావయ్య రోజుల్లో అంబాసిడరుకీ ఇదే వైద్యం. వెనక అద్దానికి 'రన్నింగ్ ఇన్' అని కాగితం అంటించుకుని, వెనకొచ్చేవాళ్ళు ఎన్ని హారన్లు కొట్టినా చలించకుండా పోయేవారట. 'ఆ కాగితం ఉన్నన్నాళ్ళూ ఎడ్లబండి వాడు కూడా మమ్మల్ని దాటేసి వెనక్కి తిరిగి నవ్వేవాడు' అన్నాడు.

డిసెంబరు. పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం. గోదావరి కనిపించలేదు, మంచు. స్టార్టు చేసి రెండు నిమిషాలు వేడెక్కనిద్దామని కూర్చుంటే మావయ్య ఊరుకోలేదు. నిలబెట్టి వేడి చేయడం కంటే మెల్లగా తోలుతూ వేడెక్కించడమే నయం అన్నాడు. మాన్యువలూ అదే అంటుంది. రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. 1974 నాటిది. పైన మనం, కింద రైలు. జాయింటు జాయింటుకీ ధడ్ ధడ్ మంటుంది. పల్చటి టైర్లు, గట్టి సస్పెన్షను కదా, ప్రతి ధడ్డూ నడుములోకి తెలిసింది. సగం దూరంలో ఉండగా కింద రైలు వెళ్ళింది. వంతెనా, మేమూ కలిసి వణికాం. దూరంగా మంచులో హేవలాక్ వంతెన స్తంభాలు నీళ్ళ మీద తేలుతున్నట్టు కనిపించి మాయమయ్యాయి.

కొవ్వూరు దాటి కుడికి తిరిగితే ఇక గోదావరి గట్టే. ఎడమ చేతికి పొలాలు, కుడి చేతికి నది. ఈ రోడ్డు మీద తిన్నగా ఒక కిలోమీటరు దొరకడం గొప్ప. ఏరు ఎటు తిరిగితే గట్టూ అటు తిరుగుతుంది. మధ్యలో ఊళ్ళు. ఊరికో స్కూలు, స్కూలుకో స్పీడు బ్రేకరు, ఆ స్పీడు బ్రేకరు ఎవరింటి ముందుంటే వాళ్ళ పలుకుబడిని బట్టి దాని ఎత్తు. నా కారు నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. ప్రతి బ్రేకరునీ ఏటవాలుగా, ముందొక చక్రం తర్వాత ఇంకో చక్రం ఎక్కించి దింపాల్సి వచ్చింది. ఒకచోట టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన ఇది చూసి, 'బాబుగారూ, దిగి ఎత్తుకుని దాటించేసుకోండి' అన్నాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. మావయ్య కూడా.

కానీ ఆయన చెప్పిందే నిజం. ఈ రోడ్డు ముప్ఫై నుంచి డెబ్భై మధ్యలో మనల్ని ఆడిస్తూనే ఉంటుంది. మూడో గేరు, నాలుగు, మలుపు, మళ్ళీ రెండు, ఊరు, మళ్ళీ మూడు. ఇది ఆటోమేటిక్ కారు. దాని మానాన వదిలేస్తే పెట్రోలు కలిసొస్తుందని వెంటనే పై గేరులోకి పోయి, ఇంజను మూలుగుతుంటే లాగిస్తుంది. కొత్త ఇంజనుకి అదీ మంచిది కాదు. అందుకని స్టీరింగు వెనకున్న మీటలతో గేర్లు నేనే మార్చాను. 'స్టీరింగుకి చెవులెందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది' అన్నాడు మావయ్య. తొక్కడం ఎంత ముఖ్యమో, గేరులో ఉంచి కాలు తీసేయడమూ అంతే ముఖ్యమని ఆయనే నేర్పాడు. కాలు తీసినప్పుడు లోపల గాలి లాగుడుకి ఆయిలు రింగుల దాకా వెళ్ళి, అరిగిన రజనుని కడుగుతుందట. షెడ్డు శాస్త్రమే అయినా నమ్మదగ్గదే. పాత ఇంజను పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది.

'గిత్తకి కాడి నేర్పేటప్పుడు మీ తాత ఇలాగే చేసేవాడు. ముసలెద్దు పక్కన కట్టి, మొదట ఖాళీ బండి. తర్వాత నాలుగు బస్తాలు. కాస్త దూరం లాగించి, ఆపి, గంగడోలు నిమిరి, మళ్ళీ లాగించేవాడు. మొదటి రోజే నిండు బండి కట్టినోడి గిత్త జన్మలో కాడి కింద మెడ పెట్టదు.'

కుమారదేవం దగ్గర ఆపాం. ఇక్కడి నిద్రగన్నేరు చెట్టుని చూడని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. పేరు తెలియకపోవచ్చు. దశాబ్దాల పాటు ఎన్నో సినిమాల్లో హీరో హీరోయిన్లు దాని కిందే కలుసుకున్నారు, దాని కిందే విడిపోయారు. సినిమా చెట్టు అనే అనేవారు. 2024 ఆగస్టులో, గోదావరి వరదల రోజుల్లో, అది కూలిపోయింది. మొదలుని కాపాడే ప్రయత్నాలు జరిగాయి. ఆ తర్వాత చిగుళ్ళేసిందని పేపర్లలో వచ్చింది. షూటింగు వాళ్ళకి ఎన్నిసార్లు టాక్సీ తోలాడో లెక్క చెప్పబోయి మావయ్య ఆగిపోయాడు. నదివైపు ఖాళీగా కనిపిస్తున్న ఆకాశాన్ని కాసేపు చూసి, 'పద' అన్నాడు.

తాళ్ళపూడి దాటాక మంచు విడిపోయింది. ఎండ వచ్చింది. మీటరు మీద ఆయిలు తొంభై డిగ్రీలు చూపిస్తోంది. ముందు అరుదైన తిన్నటి రోడ్డు. మనిషి లేడు, బండి లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, రాత్రంతా మాన్యువలు చదివినవాణ్ణి, పక్కన మావయ్యని పెట్టుకుని, కాలు నేల దాకా తొక్కేశాను.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత గేరు రెండు మెట్లు కిందకి దూకింది. వెనక నుంచి ఎవరో సీటుని తన్నినట్టయింది. ముల్లు ఐదు వేలు దాటింది. ఆ చప్పుడు నేను పాతికేళ్ళుగా ఊహించుకుంటున్న చప్పుడే. మావయ్య పైన హ్యాండిలు పట్టుకోవడం కంటి కొసన కనిపించింది. స్పీడు ఎంతయిందో చూడలేదు.

చిన్న మలుపు. దాని అవతల రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. నడుమ ఒక ముసలామె, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాళ్ళతో వడ్లు తిరగదోడుకుంటూ, మావైపు వీపు పెట్టి నడుస్తోంది. ఎదురుగా గడ్డి మోపుల ట్రాక్టరు.

బ్రేకు తొక్కాను. ఆ కారు బ్రేకులు ఎంత గొప్పవో పత్రికల్లో చదివాను. ఆ రోజు అవి ఆ కారు బ్రేకులు కావు. పెడలు కొయ్యబారినట్టయింది. బండి తగ్గుతోంది గానీ నేననుకున్నంతగా కాదు. ఎడమ చక్రాలు ధాన్యం మీదికెక్కాయి. ధాన్యం మీద కొత్త టైరు ఎలా ఉంటుందంటే, సిమెంటు గచ్చు మీద ఆవాలు పోసి నడిచి చూడండి. ఏబీఎస్ కాలికింద టకటకా కొట్టుకుంటోంది, కారు మాత్రం జారుతూనే ఉంది. హారను కొట్టానో లేదో గుర్తులేదు. కొట్టలేదనే అనుకుంటా.

ఆగింది. ఆమెకీ, బంపరుకీ మధ్య రెండు బారలుంటుంది. అంతే.

ఆమె నెమ్మదిగా తిరిగి చూసింది. మొదట కారుని కాదు, చెల్లాచెదురైన ధాన్యాన్ని చూసింది. తర్వాత నన్ను. 'కొత్త కారా బాబూ?' అంది.

అవునన్నాను. గొంతు రాలేదు.

'నా పేణం పాతదే. అయినా ఇంకొన్నాళ్ళు కావాలి నాకు' అంది.

మావయ్య దిగి చేతులు జోడించాడు. 'తప్పయిపోయిందమ్మా. కుర్రాడికి బండి కొత్త.' నాకు నలభై తొమ్మిదేళ్ళు. ట్రాక్టరు కుర్రాడు వెళ్ళిపోతూ అన్న మాట ఇక్కడ రాయలేను, కానీ న్యాయమైన మాటే. రోడ్డు మీద ధాన్యం పోయకూడదు కదా అని ఎవరైనా అనొచ్చు. కళ్ళం లేనివాళ్ళు ఎక్కడ పోస్తారు? ఏటా ఈ రోజుల్లో ఈ గట్టు మీద ధాన్యం ఉంటుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే తొక్కాను.

పక్కనే ఉన్న చెక్క పార అందుకుని, చెదిరిన వడ్లని మళ్ళీ కుప్పగా లాగాను. చీపురుతో మావయ్య ఊడ్చాడు. డబ్బులివ్వబోతే ఆమె తీసుకోలేదు. 'ఆ చక్రాల సందులో ఇరుక్కున్నవి కూడా తియ్యండి' అంది. తీశాను. అప్పుడు చూశాను టైర్లని దగ్గర్నుంచి. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు వెంట్రుకలు టైరు పక్కల నిండా అలాగే ఉన్నాయి. అచ్చుకి అంటుకోకుండా పూసే పదార్థం టైరు పైపొరలో కొంత మిగిలి ఉంటుంది. అది అరిగిపోయి, లోపలి రబ్బరు రోడ్డుకి తగిలే దాకా పట్టు రాదు. ఆరు వందల కిలోమీటర్లని రాసింది ఇందుకే. ప్యాడ్ల కథా అంతే. ప్యాడూ డిస్కూ ఒకదాని మీద ఒకటి రాసుకుని, వేడెక్కి చల్లారి, పైపొర సమంగా కుదిరే దాకా అవి పక్కపక్కనున్న పరాయి వస్తువులు. దానికి చేయాల్సింది మధ్య స్పీడు నుంచి మెత్తగా, చాలాసార్లు బ్రేకు వేయడం. నేను వైజాగు నుంచి క్రూజ్ కంట్రోల్లో వచ్చాను. రెండొందల కిలోమీటర్లలో బ్రేకు తొక్కింది పదిసార్లుంటుందేమో.

ఇంజను పాడవుతుందని భయపడ్డవాణ్ణి ఆగడం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

మావయ్య ఒంగి ఆ రబ్బరు వెంట్రుకల్ని వేలితో మీటాడు. 'పుట్టు వెంట్రుకలు కూడా తీయలేదు కదరా దీనికి, అప్పుడే పరుగు పందెమా?' అన్నాడు. తిట్టడం అంతటితో సరి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

అక్కణ్ణించి గూటాల మీదుగా పట్టిసీమ దాకా ఎంత సేపు పట్టిందో చెప్పను. ఖాళీ కనిపించినప్పుడల్లా మావయ్య 'ఇప్పుడు' అనేవాడు. అరవై నుంచి ఇరవై దాకా మెత్తగా బ్రేకు. మళ్ళీ కాస్త గాలికి వదిలి చల్లార్చడం. మళ్ళీ 'ఇప్పుడు'. పదిహేనో ఇరవయ్యోసారికి పెడలు కింద తేడా నాకే తెలిసింది. మొద్దుతనం పోయి, కాలు ఎంత అడిగితే అంత ఇవ్వడం మొదలెట్టింది. 2022లో జిల్లాలు మారాక తాళ్ళపూడి తూర్పు గోదావరిలోకి పోయి, పట్టిసీమ ఏలూరు జిల్లాలోకి వచ్చింది. దారిలో ఆ హద్దు దాటిన సంగతి కూడా గమనించలేదు.

పట్టిసీమ రేవులో కారు వేపచెట్టు కింద పెట్టి పడవెక్కాం. నది మధ్యలో చిన్న కొండ. దేవకూటాద్రి అంటారు. దాని మీద వీరభద్రుడు, వీరేశ్వరస్వామి. పక్కనే క్షేత్రపాలకుడిగా భావనారాయణస్వామి. శివుడికి విష్ణువు కాపలా ఉండే చోటు. శివరాత్రికి ఇక్కడ ఇసక వేస్తే రాలదు. డిసెంబరు మామూలు రోజు కాబట్టి పడవలో మేం కాక ఒక కొత్త జంటా, గుండు చేయించడానికి తీసుకొచ్చిన చంటిపిల్లతో ఒక కుటుంబం ఉన్నారు. మావయ్య ఆ పిల్ల జుట్టునీ, నన్నూ మార్చి మార్చి చూసి ముసిముసిగా నవ్వాడు.

ఇంజను చప్పుడు కొత్తగా ఉందేమిటని పడవతన్ని అడిగాడు మావయ్య. 'కొత్తదేనండి. పది రోజులయిందండి. ఇంకో నెల సగం పీకుడేనండి. జనం ఎక్కువెక్కితే తమ్ముడి పడవకి పంపించేత్తన్నానండి' అన్నాడు అతను. నేను నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఈ ఊరి పేరు వెనక కథ చాలామందికి తెలిసిందే. దక్షయజ్ఞం ధ్వంసం చేసి దక్షుడి తల నరికిన వీరభద్రుడు, ఆ కోపం ఇంకా తగ్గకుండానే ఇక్కడికొచ్చి, తన పట్టిసం అనే ఆయుధాన్ని గోదావరిలో కడుక్కున్నాడట. అందుకే పట్టిసాచలం. చిన్నప్పుడు వింటే యుద్ధం కథలా ఉండేది. ఆ రోజు గుడి మెట్ల మీద కూర్చుంటే, అంత పని చేసినవాడు ఆగడానికి ఇంత దూరం రావాల్సి వచ్చిందన్న ముక్క ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. మెట్ల మీద నుంచి చూస్తే నీళ్ళు కదుల్తున్నట్టే ఉండవు. పాపికొండల నుంచి బిగపట్టి వచ్చిన గోదావరి ఇక్కడ వెడల్పుగా పరుచుకుని ఊపిరి తీసుకుంటుంది.

ఒడ్డుకి తిరిగొచ్చాక ఎత్తిపోతల పథకం దగ్గరికి వెళ్ళాం. 24 పంపులు. ఒక్కోటి సెకనుకి 10 ఘనపు మీటర్ల నీళ్ళు తోడుతుంది. అన్నీ కలిసి తిరిగితే 8,500 క్యూసెక్కులు. ఆ నీళ్ళు పోలవరం కుడి కాలవలో పడి కృష్ణ దాకా వెళ్తాయి. 2015లో హడావుడిగా కట్టి ఆ ఏడాదే నీళ్ళు వదిలారు. వదిలిన తొలి రోజుల్లోనే, సెప్టెంబరులో, ఏలూరు దగ్గర జానంపేట వద్ద తమ్మిలేరు మీద కట్టిన అక్విడక్టు దెబ్బతింది. పంపులు ఆపాల్సి వచ్చింది. బాగుచేశాక మళ్ళీ వదిలారు. ఆ తర్వాత వరద రోజుల్లో కృష్ణా డెల్టాకి నీళ్ళు వెళ్ళాయి. ఇక్కడ పంపులు తిరిగాయి, అక్కడెక్కడో కాలవ తట్టుకోలేకపోయింది. మేం వెళ్ళిన రోజు పంపులు ఆగి ఉన్నాయి. గట్టు మీద నుంచి ఆ లావుపాటి గొట్టాల్ని చూస్తూ మావయ్య, 'ఒక్కసారి స్టార్టు చేస్తే ఏం చప్పుడొస్తుందో' అన్నాడు, ఐదేళ్ళ పిల్లాడిలా.

తిరుగు దారిలో తాళం ఆయన చేతిలో పెట్టాను. వద్దన్నాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు, కూర్చున్నాడు. గేరు కోసం స్టీరింగు పక్కన తడుముకుని తనే నవ్వుకున్నాడు. అంబాసిడరు గేరు అక్కడుండేది మరి. ఖాళీగా ఉన్న గట్టు మీద పది కిలోమీటర్లు తోలాడు. యాభై దాటలేదు. కానీ ఆ యాభైలోనే ఎంత పని చేశాడో! మలుపుకి ముందే కాలు తీస్తాడు. బండి దానంతటది తగ్గుతుంది. మలుపు మధ్యలో మెల్లగా తొక్కుతాడు. పక్కన కూర్చుంటే గ్లాసులో నీళ్ళు తొణకవు. చెవి మాత్రం ఇంజను వైపే. 'నిన్నటికీ ఇవాళ్టికీ గొంతు కొంచెం విచ్చుకుందిరా' అన్నాడు. నాకేమీ తేడా తెలియలేదు. ఉందనే నమ్మాను.

ధాన్యం దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె చెట్టు నీడలో కూర్చుని అన్నం తింటోంది. మావయ్య కారుని దాదాపు ఆపేసి, కుడి పక్కకి తీసి, చీమలా దాటించాడు. ఆమె చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఎడమ చెయ్యి ఎత్తి, పొండి పొండి అన్నట్టు ఊపింది.

రాజమండ్రిలో ఇంటి ముందు ఇంజను వెంటనే ఆపబోతే ఆగమన్నాడు. టర్బో వేడిగా ఉంటుందని మాన్యువలులో ఉన్న ముక్క నేనే రాత్రి చదివి ఆయనకి చెప్పాను. గుర్తు పెట్టుకున్నాడు. అర నిమిషం అలాగే కూర్చున్నాం. మీటరు మీద 301.

'వెయ్యికి ఇంకా ఏడొందలుంది. వచ్చే ఆదివారం మారేడుమిల్లి పోదాం. ఎక్కుడూ దిగుడూ కూడా నేర్పాలిగా' అన్నాడు. దిగి, ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, సందులో ఇంకా మిగిలిన ఒక్క వడ్ల గింజని గోటితో తీసి, నోట్లో వేసుకుని కొరికి చూశాడు.

'ఇంకా ఆరలేదు. తేమ ఉంది' అన్నాడు.